బ్లౌజు పూర్తవ్వాలంటే ఇద్దరూ కావాలి: పాతబస్తీలో రెండు మతాలవాళ్లు కలిసి నడిపే వ్యాపారం పెట్టడం ఎలా

ఎవరైనా నా దగ్గరికి వచ్చి "అక్కా, హిందూ ముస్లింల మధ్య సఖ్యత పెంచే వ్యాపారం పెడదామనుకుంటున్నా" అంటే నేను మొదట అడిగేది ఒకటే: ఏం అమ్ముతావు? శాంతి గురించి అరగంట మాట్లాడి, సరుకు దగ్గరికి వచ్చేసరికి తడబడేవాళ్లను చాలామందిని చూశాను. సరుకు లేకపోతే అది వ్యాపారం కాదు, మీటింగ్. మీటింగులు మన హైదరాబాద్‌లో ఎప్పుడూ తక్కువ కాలేదు.

నేను శాలిబండ దగ్గర మగ్గం వర్క్ (ఫ్రేముకు బిగించిన గుడ్డ మీద సూదితో చేసే ఎంబ్రాయిడరీ) బ్లౌజుల యూనిట్ నడుపుతాను. పుట్టింది నల్లగొండ వైపు, పెళ్లయి పాతబస్తీకి వచ్చాను. 1990 డిసెంబరు అల్లర్లు, ఆ కర్ఫ్యూ నాకు బాగా గుర్తు. మా యూనిట్లో మగ్గం మీద కూర్చునేవాళ్లు దాదాపు అందరూ ముస్లింలు. కొలతలు తీసి, కత్తిరించి, కుట్టేవాళ్లు గౌలిపురా, లాల్‌దర్వాజా వైపు నుంచి వచ్చే హిందువులు. ఇలాంటిది మీరూ పెట్టాలనుకుంటే ఏ క్రమంలో ఏం చేయాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు గొలుసు చూడండి

రెండు వర్గాలవాళ్లూ ఒకే పని చేసే వ్యాపారం పెట్టకండి. ఇటు పది మంది టైలర్లు, అటు పది మంది టైలర్లు ఉన్నారనుకోండి. సీజన్ తగ్గగానే ఉన్న ఆర్డర్లు ఎవరికి ఇవ్వాలన్న తగాదా మొదలవుతుంది, దానికి మతం రంగు పూయడం క్షణం పని. ఒకళ్ల పని ముగిస్తేనే ఇంకొకళ్ల పని మొదలయ్యే సరుకు వెతకండి. ఒకరు చేసేది రెండోవాళ్లకు చేతకాకూడదు, పదిరోజుల్లో నేర్చుకునేలా కూడా ఉండకూడదు.

మగ్గం బ్లౌజు అలాంటిదే. టైలర్ కొలతలు తీసుకుని, కుట్టని గుడ్డ మీద వెనక మెడ, ముందు మెడ, చేతులు గీస్తాడు. ఆ గుడ్డను కారీగర్, అంటే మగ్గం పనివాడు, ఫ్రేముకు బిగిస్తాడు. సూదితో పొడిచిన ట్రేసింగ్ పేపర్ మీద కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్ది డిజైన్ దింపి, ఆరీ సూదితో జర్దోసీ, పూసలు, కుందన్లు కుడతాడు. పని అయ్యాక గుడ్డ మళ్లీ టైలర్ దగ్గరికి వస్తుంది, అప్పుడే కత్తెర. టైలర్ లేకపోతే కారీగర్ చేతిలో మిగిలేది మెరిసే గుడ్డముక్క. కారీగర్ లేకపోతే టైలర్ కుట్టేది మామూలు బ్లౌజు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. ఆశుతోష్ వార్ష్ణేయ అనే రాజనీతి శాస్త్రవేత్త అల్లర్లు ఎక్కువగా జరిగే ఊళ్లనూ, పెద్దగా జరగని ఊళ్లనూ జతలుగా పెట్టి పరిశీలించారు. అందులో హైదరాబాద్ పక్కన ఆయన పెట్టింది లక్నోని. లక్నోలో చికన్ ఎంబ్రాయిడరీ పనివాళ్లు ఎక్కువగా ముస్లింలు, వ్యాపారులు ఎక్కువగా హిందువులు. పని ఆగితే ఇద్దరి ఇళ్లలోనూ పొయ్యి వెలగదు. హైదరాబాద్‌లో రెండు వర్గాలను ఆ స్థాయిలో కట్టిపడేసే పరిశ్రమ లేదన్నది ఆయన వాదన. సౌమిత్ర ఝా అనే మరో పరిశోధకుడు పాత రేవు పట్టణాలను చూశారు. ఒకరి వ్యాపారం ఇంకొకరు లాక్కోలేని చోట, ఒకరికొకరు అక్కరపడే చోట, వందల ఏళ్ల తర్వాత కూడా అల్లర్లు తక్కువగా ఉన్నాయని తేల్చారు.

అయితే లక్నో పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఒకరు సేఠ్, ఇంకొకరు కూలీ అయితే గొడవలు జరక్కపోవచ్చు గానీ దాన్ని స్నేహం అనలేం. మా బజార్లలోనూ కొన్నిచోట్ల ఇదే నడుస్తోంది. కాబట్టి గొలుసు ఒక్కటే చాలదు, డబ్బు లెక్క కూడా సరిచేయాలి. దాని గురించి కాసేపట్లో.

మగ్గమే పెట్టాలని లేదు. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు) వచ్చింది. బట్టీ మీద లక్క కరిగించి గాజు చుట్టేవాళ్లు వేరు, ఇంట్లో కూర్చుని రాళ్లు అతికే ఆడవాళ్లు వేరు, పెళ్లి సెట్లు కట్టి అమ్మేవాళ్లు వేరు. పోచంపల్లి పట్టు నేసేవాళ్లనూ, దానికి సరిపడే గాజులు చేసేవాళ్లనూ కలిపి పెళ్లి సెట్టుగా అమ్మడం ఎవరైనా గట్టిగా పట్టుకుంటే బాగా నడుస్తుందని నా నమ్మకం. నాకు తీరిక లేదు, మీరు చేయండి.

ఎక్కడ పెట్టాలి

ఏదో ఒక మొహల్లా లోపలికి వెళ్లి పెట్టకండి. ఇటువాళ్లూ అటువాళ్లూ నడిచి వచ్చే రోడ్డు మీద గది చూడండి. ఆడవాళ్లు పనికి రావాలంటే చీకటి పడకముందే ఇల్లు చేరేంత దూరంలో ఉండాలి, మెట్రో దిగి రెండు ఆటోలు మారేంత దూరమైతే రెండో నెలకే మానేస్తారు. అద్దె కాస్త ఎక్కువైనా మెయిన్ రోడ్డే మేలు. ఓనర్‌కు ముందే చెప్పండి, ఇక్కడ ఎవరెవరు పనిచేస్తారో. అడ్వాన్స్ ఇచ్చాక తెలిస్తే అదో పెద్ద టెన్షన్.

చాలామంది ఆడవాళ్లు ఫ్రేము ఇంటికే పంపమంటారు. పంపండి. కానీ పనంతా ఇళ్లలోనే జరిగితే ఎవరూ ఎవరినీ చూడరు, మధ్యలో బైక్ మీద తిరిగే అబ్బాయి తప్ప. మార్కింగ్, చెకింగ్ ఈ రెండూ యూనిట్లోనే, ఇద్దరూ ఎదురెదురుగా ఉండగానే జరగాలని రూల్ పెట్టుకోండి.

ఇది ఎంత ముఖ్యమో ఓ పెళ్లి బ్లౌజు చెప్పింది. వెనక మెడ కింద నెమలి. కుట్టేసరికి నెమలి తోక సగం కుట్టులోకి పోయింది. "మార్కింగ్ నేను సరిగ్గానే ఇచ్చాను, ఫ్రేము మీద వాళ్లే జరిపారు" అన్నాడు టైలర్. "గీసిన గీత మీదే కుట్టాను" అన్నారు మా ఉస్తాద్, కారీగర్లలో పెద్దాయన. మధ్యాహ్నం దాకా 'ఆయన', 'ఈయన' అన్న మాటలు సాయంత్రానికి 'వాళ్లు', 'మీవాళ్లు' అయ్యాయి. అదిగో, అక్కడ చెవులు రిక్కించండి. మతం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, అయినా తగాదా అటువైపు తిరిగింది.

మా దగ్గర ప్రతి బ్లౌజుకూ ఓ కార్డు ఉంటుంది. గుడ్డ ఎవరు తీసుకున్నారు, మార్కింగ్ ఎవరిది, ఫ్రేము ఎవరిది, చెకింగ్ ఎవరు చేశారు, ఒక్కో మెట్టు దగ్గర సంతకం, అక్కడి కొలత. కార్డు తీసి చూస్తే మార్కింగ్ అప్పటి కొలత ఒకటి, ఫ్రేము మీద కొలత ఇంకొకటి. ఇద్దరూ నిజమే చెప్పారు. మెత్తటి పట్టు కావడంతో ఫ్రేముకు బిగించినప్పుడు అడ్డంగా సాగింది, విప్పాక మళ్లీ ముడుచుకుంది. అప్పటినుంచి గుడ్డ బిగించాక టైలర్ ఫ్రేము దగ్గరికి వచ్చి మళ్లీ కొలిచి, గీత సరిచేసి వెళ్తాడు. మొదట్లో ఇద్దరూ విసుక్కున్నారు. ఇప్పుడు ఆ కొలత నెపంతో ఉస్తాద్ టీ తెప్పించడం, టైలర్ తన కూతురి చదువు సంగతులు చెప్పుకోవడం రోజూ జరిగే పని. వాళ్లను కూర్చోబెట్టి 'ఒకరినొకరు అర్థం చేసుకోండి' అని నేనెప్పుడూ చెప్పలేదు. గుడ్డ సాగుతుంది కాబట్టి కలవక తప్పలేదు.

ఉత్తరప్రదేశ్‌లో మాట్ లో అనే ఆర్థికవేత్త వేర్వేరు కులాల కుర్రాళ్లతో క్రికెట్ లీగ్ ఆడించి చూశారు. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులం దాటి స్నేహాలు పెరిగాయి, ప్రత్యర్థులుగా ఆడినప్పుడు మాత్రం ఆ మేలు కనిపించలేదు. అందుకే మా యూనిట్లో 'ఈ నెల బెస్ట్ వర్కర్' లాంటివి ఉండవు. బోనస్ ఇస్తే బ్లౌజుకే ఇస్తాం, టైముకు తప్పు లేకుండా వెళ్తే కార్డు మీద సంతకం ఉన్న అందరికీ సమానంగా.

డబ్బు లెక్క గోడ మీద ఉండాలి

ఈ గైడ్‌లో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఇలాంటి యూనిట్లు మూతపడేది ఎక్కువగా కూలి దగ్గర. ఎవరికెంత వస్తోందో తెలియకపోతే అనుమానం పుడుతుంది, ఆ అనుమానం వెంటనే 'మావాళ్లకు తక్కువిస్తోంది' అనే మాటగా బయటికి వస్తుంది.

మగ్గం పనిలో మామూలుగా మధ్యలో ఠేకేదార్ (కాంట్రాక్టర్) ఉంటాడు. కస్టమర్ ఎంతిచ్చిందో కారీగర్‌కు తెలియదు. పైగా పేష్గీ (ముందస్తు డబ్బు) ఇచ్చి కట్టేస్తారు, ఆ అప్పు తీరేదాకా వేరే చోటికి పోలేడు. మీరు ఆ పని చేయకండి. అవసరానికి అప్పు ఇస్తే ఇవ్వండి, దాన్ని కూలితో ముడిపెట్టకండి.

మా గోడ మీద లెక్క తెలుగులో, ఉర్దూలో రాసి ఉంటుంది. ఉదాహరణకు ఓ బ్లౌజు 6,000కు అమ్మామనుకోండి. జరీ, పూసలు, కుందన్లు 1,100. మగ్గం కూలి 2,200. మార్కింగ్ 300, కుట్టు 900. అద్దె, కరెంటు, ఆటో ఖర్చు 600. కష్టకాలం నిధి 300. మిగిలిన 600 యూనిట్‌ది. మీ అంకెలు వేరుగా ఉంటాయి, ఫర్వాలేదు. అమ్మిన ధర అందరికీ కనబడడమే ముఖ్యం. మగ్గం కూలి కుట్టు కంటే ఎందుకు ఎక్కువ అని టైలర్లు అడుగుతారు. అడగనివ్వండి. ఒక్క బ్లౌజు మగ్గం మీద ఎన్ని రోజులు కూర్చుందో, మిషన్ మీద ఎన్ని గంటలు ఉందో కార్డులోనే ఉంటుంది కదా, చూపించండి. కూలి శనివారం, అందరికీ ఒకే పూట, ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో. ఆడవాళ్ల కూలి వాళ్ల ఖాతాకే వెళ్లాలి. భర్త నంబరు ఇస్తే ఒప్పుకోకండి.

ఆ 300 గురించి ఓ మాట. బంద్ అయినా, గడబిడ అయినా, ముందు ఆకలి మొదలయ్యేది రోజుకూలీ ఇంట్లో. పని ఆగిన రోజులకు ఈ నిధి నుంచి సగం కూలి ఇస్తాం. ఎవరి బస్తీలో గొడవ జరిగిందని చూడం, అందరికీ ఇస్తాం. ఆ మూడొందలు మిగుల్చుకుంటే లాభం ఒకటిన్నర రెట్లు అయ్యేది కదా అని మా ఆడిటర్ ఇప్పటికీ గొణుగుతాడు.

ప్రభుత్వ పథకాల్లో ఓ తిరకాసు ఉంది, ముందే తెలుసుకోండి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మలో 18 రకాల పనులున్నాయి. దర్జీ ఉన్నాడు, మగ్గం కారీగర్ లేడు. అంటే ఒకే గదిలో పనిచేసేవాళ్లలో టైలర్‌కు 15,000 టూల్‌కిట్ సాయం, తక్కువ వడ్డీ అప్పు దొరుకుతాయి, పక్కన కూర్చున్న ఉస్తాద్‌కు దొరకవు. ఇది చెవిన పడితే ఎలాంటి మాటలు వస్తాయో ఊహించుకోండి. అందుకే మొదటి రోజే అందర్నీ కూర్చోబెట్టి ఏ పథకం ఏ పనికి వర్తిస్తుందో చదివి వినిపించండి. అది మతాన్ని బట్టి కాదు, పనుల జాబితాని బట్టి అని చూపించండి. అదే వారంలో కారీగర్లతో కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే ఆర్టిజన్ కార్డుకు దరఖాస్తు పెట్టించండి, జర్దోసీ పని అందులోకి వస్తుంది.

రిజిస్ట్రేషన్ సంగతి త్వరగా ముగిస్తాను. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు డబ్బులు ఇవ్వకండి. కస్టమర్ తెచ్చిన గుడ్డ మీద పనిచేసి ఇవ్వడం సర్వీసు కిందికి వస్తుంది, ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ తీసుకోవాలి. సేవ అనగానే అందరూ సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) వైపు పరిగెత్తుతారు. అందులో లాభాన్ని సభ్యులు పంచుకోకూడదు, అంటే మీ కారీగర్లు ఎప్పటికీ కూలి దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే మొదట భాగస్వామ్యంగా మొదలుపెట్టి, పదిమంది గట్టిగా నిలబడ్డాక ప్రొడ్యూసర్ కంపెనీగా మారండి. హస్తకళలవాళ్లకూ ఆ వీలుంది, వాటాదారులు వాళ్లే అవుతారు. గ్రాంట్లు వస్తే మిషన్లకూ శిక్షణకూ వాడండి, కూలికి మాత్రం వద్దు. గ్రాంటు ఆగిన నెల కూలి ఆగితే ఇన్నాళ్లు కట్టిందంతా కూలిపోతుంది.

రెండు క్యాలెండర్లు

ఉగాదికి పంచాంగం, ఇస్లామిక్ క్యాలెండర్ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏడాది పని రాసుకోండి. మన పండగలు అధిక మాసం వల్ల ఇంచుమించు అదే కాలానికి వస్తాయి, రంజాన్ మాత్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ పండగ 31న వచ్చాయి. అలాంటి ఏడాది ఇటు సెలవులు, అటు సెలవులు, మధ్యలో ఈద్ బట్టల ఆర్డర్లు. ముందే చూసుకోకపోతే అంతే సంగతులు. రంజాన్‌లో మా మగ్గాలు పొద్దున్నే మొదలై ఇఫ్తార్‌కు చాలా ముందే ఆగుతాయి. శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ. ఆషాఢంలో మన పెళ్లిళ్లు ఉండవు, బోనాలతో లాల్‌దర్వాజా రోడ్లూ నిండిపోతాయి. ఆ నెల కొత్త శాంపిళ్లకూ, కొత్తవాళ్లకు నేర్పడానికీ.

తిండి విషయంలో అతి చేయకండి. 'అందరం ఒకే కంచంలో తిందాం' లాంటివి ఫోటోకు బాగుంటాయి. ఎవరి డబ్బా వాళ్లది, టీ మాత్రం అందరిదీ. ఒకరి డబ్బా వైపు ఇంకొకరు చేయి చాస్తే వాళ్లిష్టం.

ఊళ్లో గడబిడగా ఉన్న రోజు

ఇది ముందే రాసిపెట్టుకోవాలి, ఆ రోజు ఆలోచించే తీరిక ఉండదు. మా వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు, ఫోటోలు తప్ప ఏమీ పెట్టకూడదు. ఫార్వర్డ్ పెట్టినవాళ్లు ఎవరైనా, నేనైనా, వారం బయటే. ఏదైనా మాట వినిపిస్తే మా టైలర్లలో ఒకరు, మగ్గం ఆడవాళ్లలో అందరూ ఆపా అని పిలిచే పెద్దామె, ఇద్దరూ ఫోన్ చేసుకుని తమ గల్లీలో ఏముందో కళ్లతో చూసింది మాత్రమే చెప్పుకుంటారు. తేలకపోతే స్టేషన్‌కో 100కో ఫోన్. అది అయ్యేదాకా మిగతావాళ్లకు ఏమీ చెప్పరు. ఆడవాళ్లను ఇళ్లకు పంపాలంటే గుంపులుగా, ఇటు గుంపులో ఒకరు అటువాళ్లు ఉండేలా పంపుతాం. పండగల ముందు స్టేషన్లో పెట్టే పీస్ కమిటీ మీటింగుకు నేనొక్కదాన్నే కాదు, ఉస్తాద్‌నూ తీసుకెళ్తాను. ఇన్‌స్పెక్టర్‌కు ఇద్దరి ముఖాలూ తెలిసి ఉండాలి.

ముహూర్తం మనకోసం ఆగదు కాబట్టి వారంలో ఇవ్వాల్సిన బ్లౌజులు యూనిట్లో ఉంచం, అమీర్‌పేటలో తెలిసినవాళ్ల షాపులో పెడతాం.

2023లో గణేష్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు, సెప్టెంబరు 28న పడ్డాయి. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మా గదిలో దాని మీద గంట చర్చ నడిచింది, 'మేమే ఎందుకు మార్చుకోవాలి' అన్న మాటతో సహా. ఆ మాటను నేను ఆపలేదు. పనిచేస్తూ అన్న మాట కాబట్టి సూదితో పాటే సాగిపోయింది.

బోర్డు మీద ఏం రాయాలి

బ్లౌజులు అని రాయండి. హిందూ ముస్లిం కలయికకు చెప్పే 'గంగా జమునా' అని రాయకండి. ఉగాండాలో ఎంబాలే ప్రాంతంలో జె.జె. కెకి అనే యూదు రైతు 2004లో ముస్లిం, క్రైస్తవ రైతులను కలుపుకుని మిరెంబె కవోమెరా అనే కాఫీ సహకార సంఘం పెట్టారు. ఆ కథ చెప్పే అమెరికాలో కాఫీ అమ్మగలిగారు. అక్కడ కొనేవాళ్లకు ఎంబాలే తగాదాలతో సంబంధం లేదు. మన కస్టమర్ ఈ ఊరిలోనే ఉంటుంది, ఆమెకూ ఓ అభిప్రాయం ఉంటుంది, వాళ్లత్తగారికి ఇంకోటి ఉంటుంది. ఆమె వచ్చింది కూతురి పెళ్లికి. పని చూసి మెచ్చుకుని, ఎవరు చేశారని అడిగితే ఉస్తాద్‌ను పిలిచి చూపిస్తాను. అంతే. బొట్టు పెట్టుకున్నావిడనూ బుర్ఖా వేసుకున్నావిడనూ పక్కపక్కన నిలబెట్టి ఫోటోలు తీసేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేస్తాను. రేపు ఎవరి గల్లీలో ఆ ఫోటో ఏ మాటతో తిరుగుతుందో మనకు తెలియదు.

ఇదంతా పనిచేస్తోందా అని కొలవాలంటే మీటింగులు లెక్కపెట్టకండి. గడబిడ తగ్గాక మొదటి రోజు ఎంతమంది పనికి వచ్చారో రాసుకోండి. ఎవరి ఇంట్లో పెళ్లికి ఎవరు వెళ్లారో గమనించండి. చేబదుళ్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో చూడండి. ఇంకో గుర్తు ఉంది, అది మన జేబుకు నష్టం: టైలర్, కారీగర్ మనల్ని దాటేసి సొంతంగా ఆర్డర్లు పట్టుకోవడం. మా దగ్గర ఓ జంట అలాగే విడిపోయి చాంద్రాయణగుట్టలో సొంత షాపు పెట్టుకుంది. నా పాత కస్టమర్లు కొందరు ఇప్పుడు అక్కడికే వెళ్తున్నారు. ఒప్పందంలో దీన్ని ఆపే షరతులు రాయమని చాలామంది చెప్పారు, నేను రాయలేదు. మీరు రాసుకుంటారేమో మీ ఇష్టం.

మొదలుపెట్టడానికి పెద్ద హంగు అక్కర్లేదు. రెండు ఫ్రేములు, ఓ మంచి కారీగర్, ఓ ఓపికున్న టైలర్, ఓ జూకీ మిషన్, కార్డుల కట్ట, గోడకు ఓ తెల్లబోర్డు. ఆషాఢంలో గది తీసుకుని శాంపిళ్లు చేసుకుంటే శ్రావణ మాసం ముహూర్తాలకు మొదటి ఆర్డర్లు అందుతాయి. మొదటి సీజన్ తెలిసినవాళ్ల బ్లౌజులే పట్టుకోండి, పెళ్లికూతురి బ్లౌజు మాత్రం రెండో సీజన్‌కు ఒప్పుకోండి.